సీసాలో సాక్ష్యం: భూగర్భజలంలో ఇంధనపు జాడలు వెతికిన చరిత్ర

అమెరికాలో పాత పెట్రోలు బంకు ఉన్న స్థలాన్ని కొనాలన్నా, అమ్మాలన్నా, దాని పక్కన ఇల్లు కట్టాలన్నా, ఆ నేల కింద ఏముందన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతికేది 40 మిల్లీలీటర్లు పట్టే ఒక చిన్న గాజు సీసాలో. ఒక ఊరి మంచినీటి సరఫరా ఆగిపోవడం, ఒక వ్యాజ్యం గెలవడం, లక్షల డాలర్ల శుద్ధి పనులు మొదలవడం, కొన్నిసార్లు ఆ సీసాలోని నీటి మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంధన కాలుష్యపు చరిత్రను సాధారణంగా చట్టాల చరిత్రగానో, చమురు పరిశ్రమ చరిత్రగానో చెప్పుకుంటారు. దానికి మరో పార్శ్వం ఉంది. నీటిని ఎవరు తోడారు, ఎప్పుడు తోడారు, ఎలా తోడారు, అందులో దేనికోసం వెతికారు అన్నది ఆ పార్శ్వం. ప్రయోగశాల ఇచ్చే అంకెకు ఉన్న విలువ, బావి దగ్గర జరిగిన పని విలువను మించదు. సీసా నింపేటప్పుడు జరిగిన లోపాన్ని ఏ యంత్రమూ తరవాత సరిదిద్దలేదు. అసలు నింపని సీసాను ఏళ్ళ తరవాత ఎవరూ నింపలేరు. గత నాలుగు దశాబ్దాల అమెరికా అనుభవం ఈ రెండు సంగతులనూ పదేపదే, కొన్ని చోట్ల చాలా ఖరీదుగా, రుజువు చేసింది.

ముక్కే పరికరమైన రోజులు

రెండవ ప్రపంచయుద్ధం తరవాత కార్లూ రహదారులూ పెరిగిన వేగానికి తగ్గట్టే పెట్రోలు బంకులూ పెరిగాయి. అగ్నిప్రమాదాల భయంతో ఇంధనపు ట్యాంకులను నేలలో పాతిపెట్టడం ఆనవాయితీ అయింది. 1950లలో, 60లలో పాతిన ట్యాంకులలో అత్యధికం ఏ రక్షణపూతా లేని ఉక్కువి. తడినేలలో ఉక్కు తుప్పు పట్టడానికి 15, 20 ఏళ్ళు చాలు. పైన నిలబడినవారికి ఏమీ కనబడదు. బంకు యజమాని రోజూ ఒక పొడుగాటి కొలబద్దను ట్యాంకులోకి దించి, ఎంత మిగిలిందో చూసుకుని, అమ్మిన లెక్కతో సరిపోల్చుకునేవాడు. తేడా వస్తే ఆవిరైందనో, ఎండకు వ్యాకోచించి చలికి సంకోచించిందనో సరిపెట్టుకోవడం సులభం. రోజుకు కొన్ని లీటర్ల కారుడు ఆ కొలతకు అందేది కాదు.

కాలుష్యాన్ని ముందుగా కనిపెట్టింది చుట్టుపక్కల ఇళ్ళవారి ముక్కులు. సొంత బావుల మీద ఆధారపడిన ఇళ్ళలో స్నానాలగదిలో పెట్రోలు వాసన, తాగే నీటిలో వింత రుచి, పునాది కింది గదిలో ఆవిర్లు – ఇవే తొలి ఆధారాలు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో రిచ్‌మండ్ అనే ఊరి శివారున కెనాబ్ పార్క్ అన్న చిన్న కాలనీ కథ ఇలాంటిదే. సమీపంలోని బంకుల నుంచి కారిన పెట్రోలు అక్కడి ఇళ్ళ బావుల్లోకి చేరింది. 1983లో సి.బి.ఎస్. టెలివిజన్ వారి ‘సిక్స్‌టీ మినిట్స్’ కార్యక్రమం ‘చెక్ ద వాటర్’ పేరుతో అక్కడి కుటుంబాల అవస్థను దేశమంతటికీ చూపింది. మరుసటి ఏడాది, 1984 నవంబరులో, నేలకింది ట్యాంకులను సమాఖ్య నియంత్రణలోకి తెచ్చే చట్ట సవరణ వచ్చింది. 1986లో కారుతున్న ట్యాంకుల శుద్ధికోసం గాలను ఇంధనం మీద సెంటులో పదోవంతు సుంకంతో ఒక నిధి ఏర్పడింది. అప్పటికి దేశంలో ఈ నియంత్రణ కిందికి వచ్చిన ట్యాంకులు 20 లక్షలకు పైమాటే. ఆ తరవాత ఇప్పటివరకు ధ్రువపడిన కారుడు ఘటనల సంఖ్య 5 లక్షల 50 వేలు దాటింది.

అయితే ముక్కు మంచి సాక్షే గాని పూర్తి సాక్షి కాదు. పెట్రోలులో ఆరోగ్యానికి ఎక్కువ ప్రమాదకరమైనది బెంజీన్. అది కేన్సర్ కారకం. తాగునీటిలో దాని గరిష్ఠ పరిమితిని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1987లో లీటరుకు 5 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. నీటిలో బెంజీన్ వాసన మనిషి ముక్కుకు అందాలంటే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు, అంటే ఆ పరిమితికి 400 రెట్లు ఉండాలి. పెట్రోలులోని ఇతర పదార్థాల వాసన ముందే తెలియవచ్చు, తెలియకపోనూ వచ్చు. వాసన ఉంటే అనుమానించడం న్యాయం. వాసన లేకపోవడం మాత్రం భరోసా కాదు.

ముక్కు ఆగిపోయిన చోట పని అందుకున్నది గ్యాస్ క్రొమటోగ్రఫీ. 1952లో బ్రిటన్‌లో జేమ్స్, మార్టిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ పద్ధతి ఆవిరయ్యే పదార్థాల మిశ్రమాన్ని విడివిడి భాగాలుగా చేసి చూపుతుంది. దానిని నీటిలోని అతిస్వల్ప పరిమాణాలకు అన్వయించినవారు సిన్సినాటిలోని పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రయోగశాలకు చెందిన థామస్ బెల్లార్, జేమ్స్ లిక్టెన్‌బర్గ్. 1974లో వారు ప్రచురించిన పద్ధతి సరళమైనది. నీటిగుండా ఒక జడవాయువును బుడగలుగా పంపితే, ఆవిరయ్యే స్వభావమున్న పదార్థాలు దానితోపాటు పైకి లేచి వస్తాయి. వాటిని ఒక గొట్టంలో బంధించి, వేడిచేసి, క్రొమటోగ్రాఫ్‌లోకి పంపాలి. లీటరుకు మైక్రోగ్రాముల స్థాయి కొలతలు అప్పటినుంచి మామూలు విషయమయ్యాయి.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. నీటిని వదిలి గాలిలోకి పోయే ఏ గుణం ఈ పరీక్షకు ఆధారమో, ఆ గుణమే నమూనా సేకరణకు శత్రువు. ప్రయోగశాలలో బుడగలు చేసే పనిని బావి దగ్గర చేదా, గాలీ, ఎండా ముందే చేసేయగలవు. యంత్రం ఎంత సునిశితమైతే బావి దగ్గరి అజాగ్రత్తకు అంత ఎక్కువ మూల్యం చెల్లించవలసి వచ్చింది.

నేల కింద ఇంధనపు నడక

నమూనా ఎక్కడ తీయాలో తెలియాలంటే కారిన ఇంధనం నేలలో ఎలా నడుస్తుందో తెలియాలి. ట్యాంకు నుంచి కారిన పెట్రోలు ముందు మట్టిరేణువుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. దారిలో కొంత మట్టికి అంటుకుంటుంది, కొంత ఆవిరవుతుంది. మిగిలినది భూగర్భ నీటిమట్టాన్ని చేరి, నీటికన్నా తేలిక కనుక అక్కడే తేలుతుంది. వానాకాలంలో నీటిమట్టం పెరిగినప్పుడు దానితో పైకి, ఎండాకాలంలో కిందికి కదులుతూ, ఆ మధ్య మట్టినంతా జిడ్డు పూసినట్టు చేస్తుంది. పైనున్న ట్యాంకును పీకేసిన తరవాత కూడా ఆ జిడ్డుమట్టి ఏళ్ళ తరబడి కాలుష్యానికి ఊటగా పనిచేస్తుంది. అందులోంచి నీటిలో కరిగే భాగాలు, ముఖ్యంగా బెంజీన్, భూగర్భజలం పారే దిశలో ఒక పాయలాగ సాగిపోతాయి.

పరిమాణాల సంగతి ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందులో నూటికి ఒక వంతు బెంజీన్ అనుకుంటే 7 గ్రాముల పైచిలుకు. అదంతా నీటిలో కలిస్తే సుమారు 15 లక్షల లీటర్ల నీటిని 5 మైక్రోగ్రాముల పరిమితికి చేర్చడానికి చాలు. నిజానికి అదంతా కలవదు. చాలాభాగం ఆవిరవుతుంది, మరికొంత నేలలోని సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అయినా కొలబద్దతో ట్యాంకును కొలిచే యజమానికీ, మైక్రోగ్రాములు కొలిచే చట్టానికీ నడుమ ఉన్న దూరం ఎంతటిదో ఈ లెక్క చూపుతుంది.

ఆ దూరాన్ని 1988 నాటి సమాఖ్య నిబంధనలు కూడా పూర్తిగా దాటలేదు. ట్యాంకులు కారుతున్నాయో లేదో కనిపెట్టడానికి వారు అనుమతించిన మార్గాల్లో పరిశీలక బావులు ఒకటి. నీటిమట్టం 20 అడుగుల లోతు లోపలే ఉన్నచోట, నెలకొకసారి బావిని చూడాలి. ఆ పరికరం కనీసం అంగుళంలో 8వ వంతు మందాన తేలే ఇంధనాన్ని గుర్తించగలిగితే చాలు. అంగుళంలో 8వ వంతు అంటే 3 మిల్లీమీటర్ల పెట్రోలు పొర. అది కనబడేనాటికి కరిగిన బెంజీన్ పాయ ఎప్పుడో బయలుదేరి ఉంటుంది. కారుడు కనిపెట్టడానికి తీసే నమూనా వేరు, తాగేవారి రక్షణకు తీసే నమూనా వేరు అన్న తేడా అనుభవం మీదగాని స్థిరపడలేదు.

పరిశీలక బావి నిర్మాణంలోనే జవాబు మారిపోయే అవకాశం ఉంది. నేలలోకి దించిన గొట్టంలో నీరు లోపలికి రావడానికి కొంతమేర సన్నని చీలికలుంటాయి. ఆ చీలికల భాగం నీటిమట్టానికి పైనా కిందా రెండువైపులా ఉండేటట్టు అమర్చితేనే తేలే ఇంధనం బావిలోకి వస్తుంది. చీలికలన్నీ నీటిలో మునిగిపోతే, పైన పెట్రోలు తేలుతున్నా బావిలో కనిపించదు. చీలికల భాగం మరీ పొడుగైతే పైపొరలోని మురికినీరు కింది మంచినీటితో కలిసి పలచబడి, ఎక్కడా లేని ఒక సగటు అంకె బయటికి వస్తుంది.

నీరు తోడే విద్య

తెలుగు పల్లెల్లో చాలాకాలం వాడని బావిని మళ్ళీ వాడుకలోకి తెచ్చేముందు నిలవనీరంతా తోడించి, కొత్తగా ఊరిన నీటినే తాగడానికి తీసుకునేవారు. పరిశీలక బావుల విషయంలో తొలినాటి నియమమూ అదే. గొట్టంలో వారాల తరబడి నిలిచిన నీరు గాలితో కలిసి, ఆవిరయ్యేది ఆవిరై, చుట్టూ ఉన్న జలపొరకు ప్రతినిధిగా ఉండదు. అందుకని గొట్టంలోని నీటికి 3 నుంచి 5 రెట్లు ముందు తోడిపోసి, ఆ తరవాత వచ్చిన నీటిని సీసాల్లో నింపేవారు. 5 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టంలో 5 మీటర్ల ఎత్తు నీరుంటే సుమారు 10 లీటర్లు అవుతుంది. అంటే కనీసం 30 లీటర్లు తోడాలి. ఆ 30 లీటర్లూ కలుషితమైనవే కావచ్చు కనుక వాటిని నేలమీద పారబోయకూడదు, పీపాల్లో పట్టి తీసుకుపోవాలి.

తోడటానికి వాడినది బెయిలర్. సన్నటి పొడుగాటి గొట్టం, అడుగున ఒక గోళీ. నీటిలోకి దించినప్పుడు గోళీ లేచి నీటిని లోపలికి రానిస్తుంది, పైకి లాగినప్పుడు దిగి మూసుకుంటుంది. చేదకు దగ్గరి చుట్టం. చవక, కరెంటు అక్కరలేదు, చెడిపోయే భాగాలు లేవు. కాని దానిని నీటిలోకి జారవిడిచిన ప్రతిసారీ బావి కల్లోలమవుతుంది. అడుగునున్న మట్టి లేస్తుంది. మట్టిరేణువులకు అంటుకున్న కాలుష్యం సీసాలోకి చేరి అంకెను పెంచుతుంది. నీరు గాలిలో చిలికినట్టై బెంజీన్ ఆవిరై అంకెను తగ్గిస్తుంది. ఒకే బావిలో ఒకే రోజున ఇద్దరు మనుషులు తీసిన నమూనాలు రెండు రకాల జవాబులు చెప్పడంలో వింత లేదు.

ఈ ఇబ్బందికి పరిష్కారంగా 1996 ఏప్రిల్‌లో రాబర్ట్ పుల్స్, మైకేల్ బార్సెలోనా రాసిన పత్రాన్ని పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రచురించింది. వారి సూచన, ఎక్కువ తోడటానికి బదులు నెమ్మదిగా తోడమని. పంపును చీలికల భాగంలో ఉంచి, నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల చొప్పున, బావిలో నీటిమట్టం పెద్దగా పడిపోకుండా తీయాలి. అలా తీస్తున్నంతసేపూ నీటి ఆమ్లత, విద్యుద్వాహకత, కరిగిన ఆక్సిజన్, మడ్డితనం వంటివి కొలుస్తూ ఉండాలి. వరసగా మూడు కొలతల్లో అవి నిలకడగా ఉంటే, అప్పుడు వచ్చేది గొట్టంలో నిలిచిన నీరు కాక జలపొర నుంచి నేరుగా వస్తున్న నీరన్నమాట. ఎన్ని బక్కెట్లు తోడామన్న లెక్క స్థానంలో నీరే తన సంగతి చెప్పేవరకు ఆగడమన్న పద్ధతి వచ్చింది. ఒక్కో బావి దగ్గర గంటసేపో అంతకు మించో కూర్చోవలసి రావడం దీనికి అయ్యే ఖర్చు.

సీసా నింపడానికీ ఒక క్రమం ఉంది. అందులో ముందే కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, సూక్ష్మజీవులు దారిలో బెంజీన్‌ను తినేయకుండా. నీటిని గోడ వెంబడి నురగ లేవకుండా పోయాలి. మూతి అంచున నీరు కుంభాకారంగా ఉబ్బి నిలిచాక, టెఫ్లాన్ పొర ఉన్న మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో తట్టి చూస్తే లోపల గాలిబుడగ కనబడకూడదు. బఠాణీగింజంత బుడగ ఉన్నా ఆ సీసా పనికిరాదు, ఎందుకంటే బెంజీన్ ఆ బుడగలోకి చేరుకుంటుంది. తరవాత ఐసుపెట్టెలో పెట్టి, 14 రోజుల లోపల పరీక్ష పూర్తి చేయాలి.

అదే పెట్టెలో మరో సీసా కూడా ప్రయాణం చేస్తుంది. అది ప్రయోగశాలలో శుద్ధజలంతో నింపి, మూత తీయకుండా బావిదాకా వెళ్ళి తిరిగివచ్చే ట్రిప్ బ్లాంక్. దానిలో బెంజీన్ కనబడితే తప్పు బావిది కాదు, ప్రయాణానిది. నమూనాలు తెచ్చిన బండిలో పెట్రోలు డబ్బా ఉన్నా, నింపిన మనిషి అంతకుముందే బంకులో ఇంధనం పోయించుకుని చేతితొడుగులు మార్చకపోయినా ఫలితం తారుమారు కావచ్చు. ఇంకా, ప్రతి సీసా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఏ గంటలో మారిందో రాసిన పత్రం దాని వెంట నడుస్తుంది. రసాయనశాస్త్రంలో ఆ పత్రానికి స్థానం లేదు, న్యాయస్థానంలో మాత్రం అది లేని సీసాకు స్థానం లేదు.

వెతకనిది దొరకదు

ఇంత కట్టుదిట్టంగా తీసిన నీటిలో కూడా, వెతికిన పదార్థమే కనిపిస్తుంది. ఈ పాఠం నేర్పినది ఎం.టి.బి.ఇ. అని పొట్టిగా పిలిచే మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్. సీసం వాడకం తగ్గించే క్రమంలో 1979 నుంచి దీనిని పెట్రోలులో కలపడం మొదలైంది. 1990 నాటి స్వచ్ఛవాయు చట్ట సవరణల తరవాత, వాహనాల పొగ తగ్గించడానికి కొన్ని నగరాల్లో అమ్మే పెట్రోలులో ఆక్సిజన్ గల పదార్థం తప్పనిసరి కావడంతో, అది పెట్రోలు ఘనపరిమాణంలో సుమారు 11 శాతం దాకా చేరింది. గాలిని బాగుచేయడానికి తెచ్చిన మందు నీటికి చెరుపు చేసింది. ఇది బెంజీన్ కన్నా పాతిక రెట్లకు పైగా నీటిలో కరుగుతుంది, మట్టికి అంటుకోదు, సూక్ష్మజీవులు దానిని త్వరగా తినవు. అందువల్ల ఇది భూగర్భజలంతో దాదాపు సమానవేగంతో ప్రయాణిస్తుంది.

బంకుల దగ్గర నమూనాలు తీసేవారు అప్పట్లో ఎక్కువగా బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్‌ల కోసమే పరీక్ష చేయించేవారు. జాబితాలో లేని పేరు నివేదికలో రాదు. నివేదికలో లేనిది నీటిలో లేనట్టే చలామణి అవుతుంది. అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1993-94లలో 8 పట్టణ ప్రాంతాల్లో 210 బావులనూ ఊటలనూ 60 రకాల ఆవిరయ్యే పదార్థాల కోసం పరీక్షించినప్పుడు, క్లోరోఫామ్ తరవాత అన్నిటికన్నా తరచుగా కనబడినది ఎం.టి.బి.ఇ. 27 శాతం చోట్ల దాని జాడ ఉంది. ఆ సంస్థ ఏ ఒక్క బంకునూ వెతుక్కుంటూ పోలేదు. జాబితాను విశాలం చేసుకుని మామూలు బావులను చూసింది, అంతే.

1995లో కాలిఫోర్నియాలో రెండు సంఘటనలు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆగస్టులో శాంటా మోనికా నగరపు బావుల్లో ఎం.టి.బి.ఇ. బయటపడింది. అక్టోబరులో లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల, కారుతున్న ట్యాంకుల మీద ఒక అధ్యయనాన్ని వెలువరించింది. వందలాది చోట్ల తీసిన నమూనాలను పరిశీలించి, బెంజీన్ పాయలు చాలావరకు 250 అడుగుల లోపే ఆగిపోతున్నాయని, సూక్ష్మజీవులే వాటిని అరిగిస్తున్నాయని, కనుక చాలా చోట్ల భారీ ఖర్చుతో శుద్ధి చేయనవసరం లేదని అది తేల్చింది. బెంజీన్ విషయంలో ఆ మాట సరైనదే, తరవాతి అధ్యయనాలు కూడా దానిని బలపరిచాయి. కాని ఆ నిర్ధారణ వెనకనున్న సీసాలలో ఎం.టి.బి.ఇ. కోసం చూసినవారు లేరు.

శాంటా మోనికాలోని చార్నాక్ బావుల్లో లీటరుకు 610 మైక్రోగ్రాముల దాకా అది కనిపించింది. 20 నుంచి 40 మైక్రోగ్రాములున్నా చాలామందికి టర్పెంటైన్ లాంటి రుచి, వాసన తెలుస్తాయి. 1996లో బావులు మూసివేయడంతో నగరం తన నీటిలో దాదాపు సగం కోల్పోయి, బయటినుంచి కొనుక్కోవలసి వచ్చింది. చార్నాక్ బావుల నీరు శుద్ధి చేసి మళ్ళీ కుళాయిలకు చేర్చేసరికి 2010 ముగుస్తోంది. సౌత్ లేక్ టాహో అనే కొండపట్నం తన బావుల్లో సుమారు మూడోవంతు మూసుకుని, ఇంధన కంపెనీల మీద దావా వేసింది. 2002లో జ్యూరీ ఎం.టి.బి.ఇ. కలిపిన పెట్రోలును లోపభూయిష్టమైన సరుకుగా నిర్ధారించింది. ఆ వ్యాజ్యంలో రాజీల మొత్తం సుమారు 6 కోట్ల 90 లక్షల డాలర్లకు చేరింది. 2006 నాటికి అమెరికా పెట్రోలు నుంచి ఆ పదార్థం దాదాపు తప్పుకుంది.

దీనికొక కొసరు కూడా ఉంది. బెంజీన్‌ను కాపాడటానికి సీసాలో వేసే ఆమ్లం, నమూనాను వేడిచేసే కొన్ని పరీక్షా పద్ధతుల్లో, ఎం.టి.బి.ఇ.ని విడగొట్టి టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్‌గా మారుస్తుందని 2000 తరవాతి పరిశోధనలు చూపాయి. అంటే నేలలో లేని పదార్థం సీసాలో పుట్టి, నేలకు ఆపాదించబడే ప్రమాదం. దీనికి విరుగుడుగా ఆమ్లానికి బదులు క్షార స్వభావం గల ట్రైసోడియం ఫాస్ఫేట్ వాడమన్న సూచన వచ్చింది. ఒక కాలుష్యానికి కుదిరిన పద్ధతి మరో కాలుష్యానికి కుదరదు. పద్ధతి అన్నది కూడా ఒక పరికల్పనే, అది కూడా పరీక్షకు నిలబడాలి.

తీయని నమూనాలు

నార్త్ కరోలినాలోని కాంప్ లెజూన్ మెరైన్ దళ శిబిరంలో హాడ్నాట్ పాయింట్ ప్రాంతానికి నీరిచ్చే బావులకు చేరువలోనే 1940లలో కట్టిన ఇంధనపు ట్యాంకుల సముదాయం ఉండేది. అక్కడి ఒక బావిలో 1984 జూలైలో తీసిన నమూనాలో లీటరుకు 380 మైక్రోగ్రాముల బెంజీన్ బయటపడింది. ఆ బావిని మూసింది నవంబరు చివర. అయిదు నెలలకు దగ్గరపడే ఆ జాప్యం ఒక ప్రశ్న. అంతకన్నా పెద్ద ప్రశ్న, దానికి ముందు గడిచిన దశాబ్దాలది. ఆ కాలంలో అధికభాగం అక్కడి నీటిని ఇలాంటి పదార్థాలకోసం పరీక్షించినవారు లేరు. పైగా ఆ శిబిరంలో బావులను వంతులవారీగా నడిపేవారు. ఏ రోజు ఏ బావి నడిచిందన్న దానినిబట్టి కుళాయినీరు మారిపోయేది. ఒకరోజు శుభ్రంగా ఉన్న నీరు మరునాటికి అలా ఉంటుందన్న హామీ లేదు.

శిబిరంలో పుట్టి పెరిగిన పిల్లల జబ్బులకు, సైనికుల కేన్సర్లకు ఈ నీటితో సంబంధం ఉందా అని అడిగినప్పుడు, జవాబు చెప్పవలసిన సమాఖ్య ఆరోగ్య సంస్థకు గతం నుంచి ఆధారాలు లేవు. అందుచేత భూగర్భజలం నడకను, బావుల నడకను, ట్యాంకుల కారుడును కంప్యూటరు నమూనాలతో వెనక్కు లెక్కగట్టి, నెలనెలా నీటిలో ఎంత విషం ఉండి ఉండవచ్చునో అంచనా వేయవలసి వచ్చింది. హాడ్నాట్ పాయింట్ మీద ఆ నివేదిక 2013లో వెలువడింది. 1953 నుంచి 1987 వరకు అక్కడ కనీసం 30 రోజులు ఉన్నవారికి న్యాయస్థానానికి వెళ్ళే హక్కునిచ్చిన చట్టం 2022 ఆగస్టులో వచ్చింది. ఏళ్ళ తరబడి నిపుణులు పడిన ఆ శ్రమలో అధికభాగం, సకాలంలో తీసివుంటే కొన్ని వందల సీసాలతో తీరిపోయేది.

హవాయిలోని రెడ్ హిల్ ఈ కథకు ఇటీవలి అధ్యాయం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హొనొలూలు పక్కన కొండను తొలిచి, ఒక్కొక్కటి 250 అడుగుల ఎత్తుగల 20 ట్యాంకులు కట్టారు. మొత్తం 25 కోట్ల గాలన్ల ఇంధనం పట్టే ఆ ట్యాంకుల అడుగుకూ, నగరానికి నీరిచ్చే జలపొరకూ మధ్య ఉన్నది సుమారు 100 అడుగుల లావారాయి. 2014 జనవరిలో ఒక ట్యాంకు నుంచి 27,000 గాలన్లు కారినట్టు తేలింది. లావారాతిలో బీటలూ బొరియలూ ఎటు దారితీస్తాయో ఎవరికీ ముందుగా తెలియదు. రెండు పరిశీలక బావుల నడుమనుంచి ఇంధనం ఎవరికంటా పడకుండా పోగలదు. ఒక బావిలో ఏమీ కనబడకపోవడం ఆ ఒక్క బావి గురించిన సమాచారమే.

2021 నవంబరు 20న అక్కడి సొరంగంలో ఒక బండి పైపును ఢీకొట్టింది. మే నెలలో ఒలికి, అగ్నిమాపక వ్యవస్థ పైపులో నిలిచివున్న జెట్ ఇంధనం దానిలోంచి బయటికి వచ్చి, నౌకాదళపు నీటిబావిలోకి చేరింది. ఆ నీటి వ్యవస్థ మీద ఆధారపడినవారు సుమారు 93,000 మంది. వారంరోజులకు ఇళ్ళలో ఇంధనపు వాసన మొదలైంది. తలనొప్పులు, వాంతులు, ఒంటిమీద దద్దుర్లు. తొలి రోజుల్లో వెలువడిన అధికారిక ప్రకటనలు నీరు సురక్షితమనే అన్నాయి. పరీక్షా ఫలితాలు వచ్చాక ఆ మాట నిలవలేదు. డిసెంబరు మొదట్లో రెడ్ హిల్ బావి నుంచి తీసిన నమూనాలో డీజిల్ శ్రేణి ఇంధనపు పదార్థాలు, రాష్ట్రప్రభుత్వపు హద్దుకు 350 రెట్లు ఉన్నట్టు తేలింది. నగర జలమండలి ముందుజాగ్రత్తగా తన హలావా బావిని మూసింది. 2022 మార్చిలో రక్షణమంత్రి ఆ ట్యాంకులను శాశ్వతంగా మూయమని ఆదేశించారు.

ఇక్కడ కూడా ఏ జాబితాతో వెతికారన్నది ముఖ్యమైంది. జెట్ ఇంధనంలో బెంజీన్ చాలా తక్కువ. పెట్రోలు కోసం తయారైన జాబితాతో చూస్తే, వాసన కొట్టే నీరు కూడా కాగితం మీద నిర్దోషిగా కనబడగలదు. మొత్తం హైడ్రోకార్బన్లను కలిపి కొలిచే పరీక్ష చేస్తే తప్ప జెట్ ఇంధనపు జాడ సరిగా తెలియదు. ఆ మొత్తంలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చెప్పడం మళ్ళీ మరో పని.

ఆ కుటుంబాల దావాలో అమెరికా ప్రభుత్వం తన నిర్లక్ష్యాన్ని అంగీకరించింది. వాదమంతా ఎవరు ఎంత మోతాదు తాగారు, వారి జబ్బులకు ఆ మోతాదు చాలునా అన్నదాని మీద నడిచింది. వాసన మొదలైన తొలి రోజుల్లో ఇళ్ళ కుళాయిల నుంచి తీసిన నమూనాలు బహుకొద్ది. అందువల్ల అక్కడ కూడా లెక్కగట్టిన అంచనాలే సాక్ష్యాలుగా నిలబడ్డాయి. 2025 మేలో తొలి విడతగా 17 మందికి న్యాయస్థానం ఇప్పించిన పరిహారం, అందరికీ కలిపి 7 లక్షల డాలర్ల లోపే.

ఎవరి బావి, ఎవరి పని

కెనాబ్ పార్క్ నుంచి రెడ్ హిల్ వరకు 40 ఏళ్ళలో పరికరాలు గుర్తుపట్టలేనంతగా మారాయి. మారనిది ఒకటుంది: రెండు చోట్లా కాలుష్యాన్ని ముందు చెప్పినవారు ఆ నీరు తాగినవారే. వారి మాటను సాక్ష్యంగా మార్చడానికి పట్టిన కాలమే ఈ చరిత్రలోని అసలు నష్టం. వాసన వచ్చిన గంటలో ఒక శుభ్రమైన గాజుసీసాను అంచుదాకా నింపి, చీటీ అంటించి, చల్లగా దాచి, ప్రయోగశాలకు చేర్చే ఏర్పాటు ప్రతి నీటి వ్యవస్థకూ ఉండాలన్నది ఈ అనుభవాలన్నిటి సారాంశం. తేదీ, సమయం, చోటు రాసిన ఒక్క సీసా, పదేళ్ళ తరవాత కట్టే గణితనమూనా కన్నా ఎక్కువ చెప్పగలదు.

అమెరికాలో ఇప్పటికీ 4 కోట్లకు పైగా జనం సొంత బావుల నీరే తాగుతున్నారు. 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టం ఆ బావులకు వర్తించదు. వాటిని పరీక్షించుకోవడం ఇంటివారి బాధ్యత. నగరాల శివార్లలో విశాలమైన స్థలంతో ఇల్లు కొనుక్కునే ఎందరికో ఆ సంగతి కొన్న తరవాతే తెలుస్తుంది. కారిన ట్యాంకుల వివరాలు చాలా రాష్ట్రాల్లో బహిరంగంగానే ఉన్నాయి. కాలిఫోర్నియా రాష్ట్రపు జియోట్రాకర్‌లో ఏ వీధి చిరునామా ఇచ్చినా, చుట్టుపక్కల కారిన ట్యాంకులూ, పరిశీలక బావుల్లో వచ్చిన అంకెలూ పటం మీద కనిపిస్తాయి. ఆ అంకెలను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు పక్కన పెట్టుకోవడం మంచిది. ఆ బావి చీలికలు ఏ లోతులో ఉన్నాయి? నీటిని ఏ పద్ధతిలో తీశారు? ఏయే పదార్థాల కోసం వెతికారు? ‘కనబడలేదు’ అన్న మాటకు అర్థం ఈ మూడింటి జవాబులను బట్టి మారుతుంది.

రెడ్ హిల్ ట్యాంకుల్లోని ఇంధనాన్ని తీసివేయడం 2023 అక్టోబరులో మొదలై, 10 కోట్ల గాలన్లకు పైగా తరలింది. ట్యాంకులు ఖాళీ అయ్యాయి గాని, కొండ ఖాళీ కాలేదు. రాతి సందుల్లో మిగిలిన ఇంధనం ఎటు కదులుతున్నదో తెలుసుకోవడానికి చుట్టూ పరిశీలక బావులు తవ్వుతూనే ఉన్నారు, వాటినుంచి నీరు తోడుతూనే ఉన్నారు. హలావా బావిని మళ్ళీ ఎప్పుడు తెరవచ్చునన్నది ఆ సీసాలు చెప్పవలసిన మాట.